పాత చేతక్‌కు జరిగిన చెడ్డ మరమ్మతులను ఎక్కడి నుంచి సరిచేసుకుంటూ రావాలి?

ప్రశ్న: తెనాలి నుంచి

అందరికీ నమస్కారం. 1991లో రిజిస్టరైన బజాజ్ చేతక్ స్కూటరును రెండు నెలల క్రితం పద్దెనిమిది వేల రూపాయలకు కొన్నాను. మా నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ అలాంటి బండి మీదే తిరిగారు. అది అమ్మేసిన ఇన్నేళ్ళకు మళ్ళీ ఒకటి ఇంటికి తెచ్చి ఆయనకు చూపించాలని కోరిక కలిగింది. కొనేటప్పుడు రంగు అద్దంలా మెరుస్తోంది, మూడో కిక్కుకు స్టార్టయింది, ఆర్‌సీ కూడా 2026 వరకు రెన్యువల్ చేయించి ఉంది కనుక ఇంకేమీ విప్పించి చూడలేదు.

మొదటి వారం బాగానే నడిచింది. తరువాత ఒక సాయంత్రం దుగ్గిరాల నుంచి తిరిగి వస్తూ యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ వేగం తగ్గలేదు. భయపడి క్లచ్ పట్టుకున్నాను, శబ్దం ఇంకా పెరిగింది. కొన్ని క్షణాలకు ఇంజిన్ దానంతట అదే పట్టేసి ఆగిపోయింది. గంటసేపు చల్లారాక కిక్ కదిలింది కానీ, మళ్ళీ స్టార్ట్ చేయకుండా ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాను. అప్పటి నుంచి మెకానిక్ పని నేర్చుకున్న మా పిన్ని కొడుకు, నేను కలిసి ఆదివారాలు కొద్దికొద్దిగా విప్పుతున్నాం.

ఇప్పటివరకు కనిపించినవి చెబుతాను. స్పార్క్ ప్లగ్ చుట్టూ ఎం-సీల్ ముద్ద పెట్టి ఉంది. ప్లగ్ తీయగానే దానితో పాటు హెడ్‌లోని (సిలిండర్ మూతలోని) మరలు పొడిగా రాలిపోయాయి. వెనుక చక్రం నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట వంచిన మేకు ఉంది. క్లచ్ నట్టు గాళ్ళు ఉలితో కొట్టినట్టు చిట్లిపోయి ఉన్నాయి. ఇంజిన్‌కు కరెంటు పుట్టించే మాగ్నెట్ చక్రం అంచున సుత్తి దెబ్బలు ఉన్నాయి. పిస్టన్ తల మీద 57.8 అని అచ్చు ఉంది, దాని పక్కలు ఎగ్జాస్ట్ వైపు గీసుకుపోయాయి. కాళ్ళు పెట్టుకునే చోట రబ్బరు మ్యాట్ తీస్తే కింద పుట్టీ పగిలి, దాని కింద ఇంకో రేకు ముక్క కనిపించింది.

ఆర్థికంగా ఒకేసారి అన్నీ చేయించగల స్థితిలో లేను. ముందు ఇంజిన్ చూడాలా, బాడీ చూడాలా? ఈ ఇంజిన్‌ను నిలబెట్టుకోవచ్చా, లేక పాత సామాన్ల అంగడిలో మరో ఇంజిన్ వెతుక్కోవడం మేలా? ఇలాంటి బండిని బాగుచేసుకున్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: విజయవాడ నుంచి, విశ్రాంత మెకానిక్

నాయనా, మీరు మళ్ళీ స్టార్ట్ చేయకుండా ఆగడం వల్ల బండికి చాలా మేలు జరిగింది. జవహర్ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు ఈ ఇంజిన్లతోనే నా జీవితం గడిచింది. నా చేతికి వచ్చిన బళ్ళలో సహజంగా అరిగి పాడైనవాటికంటే, మసిపూసి మారేడుకాయ చేసే మరమ్మతుల వల్ల పాడైనవే ఎక్కువని చెప్పడానికి నాకు బాధగానే ఉంది.

ముందుగా ఆ సాయంత్రం ఏం జరిగిందో అర్థం చేసుకోండి, ఎందుకంటే దాని కారణం తెలియకుండా కొత్త పిస్టన్ వేస్తే అది కూడా పట్టేస్తుంది. ఈ టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, ఆయిలు, గాలి కలిసిన మిశ్రమం కార్బురేటర్ నుంచి ముందు క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఉండే గదిలోకి వెళ్ళి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి ఎక్కుతుంది. అందువల్ల క్రాంక్ గదికి ఎక్కడ సందు ఏర్పడినా కార్బురేటర్‌తో సంబంధం లేకుండా బయటి గాలి లోపలికి చొరబడుతుంది. గాలి పెరిగి పెట్రోలు పాలు తగ్గేసరికి ఇంజిన్ వేగం హద్దు లేకుండా పెరుగుతుంది, విపరీతంగా వేడెక్కుతుంది, పెట్రోలుతో పాటే రావలసిన ఆయిలు కూడా తగ్గుతుంది కనుక పిస్టన్ సిలిండర్‌ను పట్టేస్తుంది. అలాంటి సమయంలో క్లచ్ పట్టకూడదు. గేర్‌లోనే ఉంచి రెండు బ్రేకులూ నొక్కి, బండితో పాటు ఇంజిన్‌ను కూడా ఆపేయాలి. ఇది మీకే కాదు, పాత టూ-స్ట్రోక్ బండి నడిపే ప్రతివారికీ తెలిసి ఉండాలి.

ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. మాగ్నెట్ తీసి దాని వెనుక ఉన్న ప్లేటును చూడండి. అది నల్లగా, జిడ్డుగా తడిసి ఉంటే ఆ వైపు ఆయిల్ సీలు (ఇరుసు చుట్టూ గాలి, ఆయిలు దాటకుండా ఆపే రబ్బరు వలయం) పోయినట్టే. క్లచ్ వైపు సీలు పోతే లక్షణం వేరుగా ఉంటుంది: అక్కడ బయటి గాలి కాకుండా గేర్ ఆయిలు లోపలికి పీల్చుకుపోతుంది, ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా పొగ తగ్గదు, గేర్ ఆయిలు మట్టం కారణం లేకుండా పడిపోతూ ఉంటుంది. మీ బండిలో మొదటిది జరిగి ఉంటుందని నా అనుమానం. సీలు బాగానే ఉంటే, ఇంజిన్ రెండు సగాలు కలిసే అంచులను చూడండి. క్లచ్ నట్టును ఉలితో విప్పినవాడు ఇంజిన్‌ను స్క్రూడ్రైవర్‌తో తన్ని విడదీసి ఉంటాడు. ఆ అంచు మీద స్క్రూడ్రైవర్ గాడి పడితే, దాని మీద ఎంత సిలికాన్ పూసినా కొన్నాళ్ళకు గాలి లోపలికి వస్తుంది. పైగా ఎక్కువగా పూసిన సిలికాన్ లోపలికి పిండుకుపోయి, ముక్కలుగా ఊడి బేరింగుల దగ్గరకు చేరుతుంది.

మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి తీయడం నాకు అన్నింటికంటే కోపం తెప్పించే పని. దాని నడుమ మరలు ఉన్నదే పుల్లర్ బిగించి లాగడం కోసం. సుత్తి దెబ్బలు క్రాంక్‌కు తగిలితే దాని వరుస తప్పుతుంది, మాగ్నెట్‌ను క్రాంక్ మీద జరగకుండా నిలిపే అర్ధచంద్రాకారపు కీ సగం తెగుతుంది, కీ తెగితే మాగ్నెట్ జరిగి స్పార్క్ పడే టైమింగ్ మారిపోతుంది. కాబట్టి కీని, కీ కూర్చునే గాడిని భూతద్దం పెట్టి మరీ చూడండి. గాడి వెడల్పయి ఉంటే ఆ క్రాంక్‌ను వాడవద్దు. క్లచ్ నట్టుకు గాళ్ళలో కూర్చునే ప్రత్యేక రెంచి దొరుకుతుంది. దొరకకపోతే లేతు పని చేసేవారు పాత బాక్స్ స్పానర్‌కు నాలుగు పళ్ళు మిగిల్చి కోసి ఇస్తారు. ఆ నట్టు, దాని లాక్ వాషర్ కొత్తవే వేయండి.

వెనుక చక్రం మేకు విషయం చదివి నేను కొంతసేపు ఆగిపోయాను. ఆ నట్టు వదులైతే చక్రం బిగించే డ్రమ్‌లోని పళ్ళు, వాటిలో కూర్చునే షాఫ్టు పళ్ళు ఒకదాన్నొకటి తినేస్తాయి. చివరికి ఇంజిన్ తిరుగుతుంది కానీ చక్రం తిరగదు. షాఫ్టు మీద డ్రమ్ బిగించి, గేర్‌లో ఉంచి చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపండి. నట్టూ డ్రమ్మూ కలిసి కదిలితే అది గేర్ల మధ్య ఉండే సహజమైన ఆట. నట్టు కదలకుండా డ్రమ్ ఒక్కటే కదిలితే పళ్ళు పోయినట్టు. అప్పుడు డ్రమ్ తప్పక మార్చాలి, షాఫ్టును శుభ్రంగా కడిగి పళ్ళ అంచులు పదునుగా ఉన్నాయో లేదో చూడాలి. ఆ నట్టు బిగింపు 90 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉండాలి. మామూలు చిన్న స్పానర్‌తో అంత బలం రాదు కనుక టార్క్ రెంచి ఉన్నవారి దగ్గరకు తీసుకువెళ్ళండి, ప్రతిసారీ కొత్త స్ప్లిట్ పిన్ వేయండి.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది: వేరే ఇంజిన్ కొనవద్దు. అంగడిలో దొరికే ఇంజిన్ ఎవరి చేతుల్లో ఏమైందో మీకు తెలియదు, పైగా ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవకపోతే 2026 రెన్యువల్ సమయంలో ఇబ్బంది పడతారు. ఒక సగం మాత్రమే మార్చే ఆలోచన కూడా చేయవద్దు. ఈ ఇంజిన్ రెండు సగాలనూ జతగా కలిపి కోస్తారు, ఒక జతలోని సగం ఇంకో జతతో సరిగా కుదరదు. పూర్తిగా విప్పడం అయ్యేవరకు ఒక్క వస్తువు కూడా కొనకండి. విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, దాని బోల్టులతో సహా విడివిడి సంచుల్లో వేసి పేరు రాసి పెట్టుకోండి.

జవాబు: రాజమహేంద్రవరం నుంచి, లేతు పని చేసేవారు

పెద్దాయన చెప్పినదానికి బోరు విషయంలో కొంత చేర్చాలి. చేతక్ ఇంజిన్ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 57 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా 57 మి.మీ., ఆ లెక్కన 145.45 సీసీ. ఎల్‌ఎంఎల్ వెస్పా 150 బోరు 57.8 మి.మీ. కాబట్టి మీ పిస్టన్ మీద 57.8 అని ఉండడానికి రెండు కారణాలు ఉండవచ్చు. 57 నుంచి 0.2 చొప్పున పెంచుకుంటూ పోయిన వరుసలో అది చేతక్ నాలుగో ఓవర్‌సైజు (అరిగిన సిలిండర్‌ను పెద్దగా కోసి వేసే పిస్టన్) కావచ్చు, లేదా ఎవరో ఎల్‌ఎంఎల్ పిస్టన్ తెచ్చి చేతక్ సిలిండర్‌ను దానికి సరిపడా కోయించి ఉండవచ్చు. అంకె ఒక్కటే చూసి నిర్ణయించలేం. పిన్ నడిమి నుంచి పిస్టన్ తల వరకు ఉన్న ఎత్తును, పక్కల ఉన్న కిటికీల స్థానాన్ని అసలు చేతక్ పిస్టన్‌తో పక్కపక్కన పెట్టి పోల్చండి. అది మరో బండిదైతే సిలిండర్ గోడలోని పోర్టులు (మిశ్రమం, పొగ దాటే రంధ్రాలు) తెరుచుకునే వేళలు తప్పుతాయి, అలాంటి ఇంజిన్ ఎంత కొత్తగా ఉన్నా సుఖంగా నడవదు.

నాలుగో ఓవర్‌సైజే అయితే ఇంకా కోయడానికి సిలిండర్ గోడలో మిగిలేది తక్కువ కనుక, మంచి స్థితిలో ఉన్న మరో సిలిండర్ వెతకమనే చెబుతాను. ఏదైనా సరే, సిలిండర్‌ను మాత్రమే లేతు షాపుకు పంపకండి. పిస్టన్ కూడా చేతికి ఇవ్వండి. పిస్టన్‌ను కొలిచి, దానికి తగ్గట్టు బోరు కోసి, హోనింగ్ చేసి (లోపలి గోడను సన్నగా రుద్ది) ఇవ్వాలి. మా దగ్గరకు వచ్చేవారిలో సగం మంది సైజు నోటితో చెప్పి సిలిండర్ వదిలి వెళ్ళిపోతారు, ఆ తరువాత పట్టేసిందని మళ్ళీ వస్తారు. బోరు కోసిన తరువాత పోర్టుల అంచులు కత్తిలా పదునుగా మిగులుతాయి, వాటిని సన్నగా చెరిగించాలి. లేకపోతే రింగులు ఆ అంచులకు తట్టుకుని విరుగుతాయి. రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా లోపలికి నెట్టి, కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలవండి. అది 0.2 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉండాలి. బిగించేటప్పుడు రింగు కొసలు పిస్టన్ గాడిలోని చిన్న పిన్నుల దగ్గరే కలవాలి, పిస్టన్ తల మీద బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు చూడాలి.

ప్లగ్ మరల గురించి దిగులు పడకండి. పోయిన మరలను పెద్దవిగా కోసి, 14 మి.మీ. వ్యాసం, 1.25 పిచ్ గల ఉక్కు తీగ చుట్టను అందులో ఎక్కిస్తే అల్యూమినియం మరలకంటే గట్టిగా నిలుస్తుంది. దాన్ని హెలీకాయిల్ అంటారు. హెడ్‌ను ఇంజిన్ నుంచి తీసిన తరువాతే ఆ పని చేయించండి, లేకపోతే రజను సిలిండర్‌లో పడుతుంది. కొత్త ప్లగ్ మరల పొడవు అసలు ప్లగ్‌తో సమానంగా ఉండాలి. పొడవైన ప్లగ్ లోపలికి పొడుచుకువచ్చి పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా ప్లగ్‌ను ముందు వేళ్ళతోనే చివరి వరకు తిప్పి, ఆ తరువాతే స్పానర్ పెట్టాలి. మీ హెడ్‌కు పట్టిన గతి వేళ్ళతో తిప్పకుండా నేరుగా స్పానర్ పెట్టినందువల్లే వచ్చి ఉంటుంది.

జవాబు: విశాఖపట్నం నుంచి

నాకు ఇంజిన్ పని అంతగా రాదు కానీ, సముద్రపు గాలికి తుప్పు పట్టిన చేతక్‌ను మా వారూ నేనూ కలిసి ఏడాదిన్నర శ్రమపడి నిలబెట్టుకున్నాం. అందువల్ల బాడీ గురించి చెప్పే ధైర్యం చేస్తున్నాను.

ఈ బండికి మోటారు సైకిల్‌లా గొట్టాల చట్రం ఉండదు. ఒత్తి చేసిన ఉక్కు రేకే దాని చట్రం, అదే దాని శరీరం. కాబట్టి కాళ్ళ కింద రేకు తుప్పు పట్టడమంటే బండి వెన్నెముకకు తుప్పు పట్టడమే, అందాన్ని చూసి వదిలేయదగిన విషయం కాదు. ఇంట్లో ఉన్న చిన్న అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి బాడీ అంతటా మెల్లగా నడిపించండి. రేకు ఉన్నచోట గట్టిగా అంటుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. జారిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. మేము అలా గుర్తు పెట్టుకున్నప్పుడు బ్రేకు పెడల్ చుట్టూ, వెనుక ఇంజిన్ వేలాడే భాగం దగ్గర సుద్ద గీతలు కలిసిపోయాయి. కన్నీళ్ళు వచ్చాయి కానీ, కనీసం నిజం తెలిసింది.

మీరు చూసిన ఆ రెండో రేకు చాలా ప్రమాదకరం. పాత తుప్పును కోసి తీయకుండా దాని మీదే కొత్త రేకు పరిచి వెల్డింగ్ చేస్తే, రెండింటి మధ్య నీరు నిలిచి లోపల నుంచి తినేస్తూనే ఉంటుంది. టింకరింగ్ చేసేవారిని తుప్పు పట్టిన భాగం పూర్తిగా కోసి, అంచుకు అంచు కలిపి అతకమని అడగండి. అది ఎక్కువ సమయం పట్టే పని కనుక చాలామంది వద్దంటారు, ఒప్పుకునేవారు దొరికేదాకా వెతకండి. వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకును, ఇంజిన్‌ను, వైర్లను బండి నుంచి పూర్తిగా తీసేయాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి కూడా పేలుతుంది. చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ తగలనివ్వకండి, పుట్టీ పూయనివ్వకండి. రంగు మార్చే ఆలోచన ఉంటే, ఆర్‌సీలో రాసి ఉన్న రంగు ఏదో ముందే చూసుకోండి.

ఇంకొక జాగ్రత్త. ఈ బండి చక్రం రిమ్ము రెండు ముక్కలుగా ఉండి నట్లతో కలిసి ఉంటుంది. ట్యూబులో గాలి ఉండగా ఆ ముక్కలను కలిపే నట్లు విప్పితే రిమ్ము విసురుగా విడిపోయి చేతులు, ముఖం గాయపడతాయి. గాలి పూర్తిగా తీసిన తరువాతే వాటిని తాకాలి. ముందున్నవారు ఆ నట్లనూ సరిగా బిగించి ఉండరన్న అనుమానంతో, స్టెప్నీతో సహా మూడు చక్రాలూ చూసుకోండి.

సామాన్లు ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు 2020లో వచ్చిన ఎలక్ట్రిక్ చేతక్ సామాన్లే ముందు కనబడతాయి. రెండింటికీ పేరు తప్ప ఏదీ కలవదు కనుక పాత సామానును తీసుకువెళ్ళి, దుకాణంలో పక్కన పెట్టి చూసి కొనడం మంచిది. మేము హైదరాబాద్ రాణిగంజ్‌లో అలాగే వెతుక్కున్నాం.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు: మూడు నెలల తరువాత

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఏం జరిగిందో చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు.

పెద్దాయన ఊహించినట్టే మాగ్నెట్ వెనుక ప్లేటు జిడ్డుతో నిండి ఉంది. ఆ వైపు సీలు పెదవి ఎండి, ఒకచోట చిరిగి ఉంది. కీ సగం వరకు తెగి ఉంది, కానీ క్రాంక్ గాడి మాత్రం దెబ్బతినలేదు. ఇంజిన్ సగాలు కలిసే అంచు మీద గోటికి తగిలేంత స్క్రూడ్రైవర్ గీత ఒకటి ఉంది. అది అంచు వెడల్పును పూర్తిగా దాటలేదు కనుక, మందపాటి గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి రెండు సగాలనూ చాలా తేలికగా రుద్ది చదును చేసి, కొత్త ప్యాకింగుతో బిగించాం. బేరింగులు, రెండు సీళ్ళు, క్లచ్ నట్టు, వెనుక డ్రమ్ము మార్చాం. పిస్టన్ చేతక్‌దే, నాలుగో ఓవర్‌సైజే. రాజమహేంద్రవరం వారి సలహా ప్రకారం మరో సిలిండర్ సంపాదించి, పిస్టన్ ఇచ్చి మరీ కోయించాను. గేర్ ఆయిలు ఎస్‌ఏఈ 30 రకం, పావు లీటరు పోశాం. పాత గేర్ ఆయిలు పట్టిపట్టి కొలిస్తే అందులో సగం కూడా రాలేదు.

స్పార్క్ పుట్టించే ప్లాటినం పాయింట్ల సందు 0.4 మి.మీ.కు సరిచేశాం. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు పదకొండు దొరికాయి, వాటన్నింటినీ తీసేసి కొత్త వైరింగు వేశాం. ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది కనుక పెట్రోలు పైపును, కార్బురేటర్‌లోని రబ్బరు సామాన్లను కూడా మార్చాం. ప్రతి లీటరుకు 20 మి.లీ. టూ-టి (టూ-స్ట్రోక్ ఇంజిన్ల) ఆయిలు కొలిచి కలుపుతున్నాను.

గత ఆదివారం ఆరో కిక్కుకు అంటుకుంది. యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ వేగం వెంటనే తగ్గి, మెల్లగా, సమంగా కొట్టుకుంటూ ఉండిపోయింది. మా నాన్నగారు కుర్చీ వరండాలోకి తెప్పించుకుని అది ఆగేవరకు వింటూ కూర్చున్నారు. మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంతో ఎక్కువసేపు లాగకుండా, వాలు దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసేయకుండా నడపాలని పెద్దాయన ఫోనులో చెప్పారు. అది మూసేస్తే ఆయిలు కూడా ఆగిపోతుందట.

అంచుకు అంచు కలిపి అతకడానికి ఒప్పుకునే టింకరింగ్ మేస్త్రి ఒకరు గుంటూరులో దొరికారు. సంక్రాంతి తరువాత బండిని తెమ్మన్నారు. అప్పటివరకు కాళ్ళ కింద రేకు బాగుపడలేదు కనుక ఇంజిన్‌ను స్టాండు మీదే నడిపి చూస్తున్నాను, రోడ్డు మీదకు తీసుకువెళ్ళడం లేదు.